మామ వీపుకు అంటని మట్టి

బెంగళూరు వెళ్ళొచ్చానని తెలియగానే మా స్టాఫ్ రూములో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, లాల్‌బాగ్ చూశావా అని. చూడలేదు. విధానసౌధ? బస్సు కిటికీలోంచి సగం చూశాను, మిగతా సగానికి నా ముందు నిలబడ్డాయన బ్యాగు అడ్డం. మరి మూడు రోజులు ఏం చూశావంటే, ఒక మట్టి గొయ్యి చూశానన్నాను. మా లెక్కల టీచరు టిఫిన్ డబ్బా మూత పెట్టేసి నా వంక జాలిగా చూసింది. అందుకే ఇది రాస్తున్నాను.

నాతో వచ్చింది మా మేనమామ నరసింహులు. నంద్యాలలో ఆయన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు, బెంగళూరు వస్తాదు అంటారు. వయసులో ఉండగా బెంగళూరు వెళ్ళి అక్కడి పేరుమోసిన పహిల్వానును చిత్తు చేసి వచ్చాడని ఆ బిరుదు. అది చూసే స్పిన్నింగు మిల్లులో కొలువిచ్చారు, అది చూసే మా అత్తను ఇచ్చి పెళ్ళి చేశారు, అది చూసే ఇరవై ఏళ్ళపాటు కుస్తీ నేర్చుకోవడానికి ఆయన తాలింఖానాకు పిల్లలు వచ్చారు. ఇప్పుడు డెబ్బై రెండు. పూటకు డజను గుడ్లు తిన్న మనిషికి మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మార్చక తప్పదని డాక్టరు ఆపరేషన్‌కు రోజు కూడా పెట్టాడు. అప్పుడు మొదలుపెట్టాడు మామ, ముందు బెంగళూరు పోవాలని.

ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ధర్మవరం దాటాక రైల్లో, బొరుగుల పొట్లం ఖాళీ చేసి, నాకు చెప్పాడు.

కుస్తీకి ముందు పహిల్వానులిద్దరూ గోదాలోంచి గుప్పెడు మట్టి తీసి ఒకరి వీపు మీద ఒకరు చరుస్తారు. దీవెన అదే, చెమటకు పట్టు జారకుండా మందూ అదే. రెండు భుజాలూ నేలకు ఆనితే ఓడినట్టు. ఆ రోజు పట్టు పట్టి మూడు నిమిషాలు కూడా కాలేదట. మునియప్ప అనే ఆ పహిల్వాను కింద పడబోయి, తల మీదా మడమల మీదా విల్లులా వంగి, వీపును నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున ఆపాడు. నిర్ణేత అవతలి వైపున ఉన్నాడు, మామ శరీరం అడ్డం. జనం ఈలలు వేశారు. నిర్ణేత వచ్చి మామ చెయ్యి పైకెత్తాడు.

"ఆయప్ప లేచి అటు తిరిగినాడు పాపా. నేను చరిచిన మట్టి అట్లే ఉండాది. నా అయిదు వేళ్ళ అచ్చు, ఒక్క గీత చెదర్లేదు. వీపు నేలకు ఆనింటే ఆ అచ్చు ఉంటాదా?"

ఉండదు. సైన్సు టీచర్ని, ఆ మాత్రం ఒప్పుకోవాలి. అది చూసింది తానొక్కడే అనుకుని మామ నోరు మూసుకున్నాడు. నలభై నాలుగేళ్ళు మూసుకున్నాడు. పదిమంది ముందర గెలిచాడన్నారు కాబట్టి పదిమంది ముందరే ఆ మనిషితో "నువ్వు పడలేదు" అని చెప్పాలి, ఆ తరువాతే ఆపరేషన్ బల్ల మీద వెల్లకిలా పడుకుంటాడట. మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి పోయేవాళ్ళున్నారు, మేమిలా బయల్దేరాం. మామకు ఈ వయసులో ఈ పట్టుదల ఎందుకని నాకు విసుగొచ్చిన మాట నిజమే. ఆ వీపు సంగతి విన్నాక మాత్రం ఆ విసుగు పోయింది.

యలహంక

మా దగ్గరున్న ఆనవాలు ఒకటే. పందెం జరిగింది యలహంక పాతూళ్ళోని గరిడీలో. మనం తాలింఖానా అనేదాన్ని బెంగళూరు వాళ్ళు గరిడీ అంటారు. పొద్దున్నే రైలు దిగామో లేదో, నెత్తిమీంచి యుద్ధవిమానం ఒకటి ఆకాశం చింపుకుంటూ పోయింది. మామ చెయ్యి ఎత్తి సలాం కొట్టాడు. ఊళ్ళోకి ఎవరొచ్చినా పలకరించడం ఆయనకు అలవాటు.

ముందు టిఫిన్. ఇక్కడి హోటళ్ళలో చాలావాటికి కుర్చీలుండవు, నడుమెత్తు బల్లల దగ్గర నిలబడి తినాలి. నిలబడి తినేది గుర్రమని మామ సణిగాడు. మసాలా దోసె అరవై రూపాయలు, లోపల ఎర్రటి కారం చట్నీ పూసి ఉంటుంది, ఆ రుచికి సణుగుడు ఆగింది. పక్కన ఇద్దరు పెద్దమనుషులు ఒక్క కాఫీ చెప్పి రెండు గ్లాసుల్లో పంచుకున్నారు. దాన్ని బై టూ అంటారు, ఎంత డబ్బున్నవాళ్ళైనా సిగ్గుపడరు. మనూళ్ళో స్నేహితుడికి సగం కాఫీ పోస్తే ఆ స్నేహం అక్కడితో సరి. మేమూ బై టూ చెప్పాం. చెంబుతో పాలు తాగి పెరిగిన మామ, ఆ సగం గ్లాసును వెలుతురుకు పట్టి చూసి, నా వాటా కూడా తాగేశాడు.

పాతూరి సందుల్లో గడప గడపకూ తెలుగే వినిపిస్తుంది. గరిడీ ఎక్కడని అడిగితే ఒకావిడ ముగ్గు వేస్తూనే దారి చెప్పింది. తీరా వెళ్తే అది జిమ్. గోడలనిండా అద్దాలు, ఇనుప బరువులు. నడిపే రాజేశ్‌ది హిందూపురం, వచ్చి పదేళ్ళయిందట. మా సంగతి విని కూర్చోబెట్టాడు.

"మడ్ మెయింటైన్ చేయడం చాలా కష్టం అంకుల్. రబ్బర్ మ్యాట్ వేసేసినాం. ఇప్పుడు క్లయింట్స్ ఎవరూ షూస్ విప్పరు" అన్నాడు.

తీసిన మట్టి ఏం చేశారని మామ అడిగాడు. ఎవరో తోటకు తోలుకుపోయారట. పసుపు, నువ్వులనూనె, మజ్జిగ, వేపాకు పోసి ఏళ్ళ తరబడి పెంచిన మట్టి.

నడిచే మిషన్ ముందు టీవీలో జపాను వాళ్ళ సుమో కుస్తీ వస్తోంది. కొండల్లాంటి మనుషులు ఇద్దరు ఢీకొన్నారు, ఒకడి కాలు గీత దాటింది, అయిపోయింది. మామకు నమ్మకం కుదర్లేదు. రాజేశ్ వివరించాడు. గీత బయట కాలు పడినా, పాదం తప్ప ఇంకేది నేలకు తగిలినా ఓటమే, వీపు దాకా రానే రాదు. మామ ఇంకో నాలుగు పందేలు చూసి, మంచి ఆట, అబద్ధానికి చోటు లేదన్నాడు.

తరువాత ఒక పేరున్న సుమో పహిల్వాను విరమణ చూపించారు. ఆయన పెద్ద పీట మీద కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కరే వచ్చి వెనక నుంచి ఆయన జుట్టుముడిని బంగారు కత్తెరతో కొంచెం కొంచెం కత్తిరిస్తున్నారు. ఎప్పుడో ఆయనతో తలపడిన వాళ్ళు కూడా వస్తారట. అంత మనిషీ ఏడుస్తున్నాడు.

"ఎదిరి పహిల్వాను కూడా వచ్చి కత్తిరిస్తాడా?" అని మామ రెండుసార్లు అడిగాడు. అవునని రాజేశ్ రెండుసార్లూ చెప్పాడు.

మునియప్ప యలహంక వదిలి ఏళ్ళయిందట. ఎక్కడున్నాడో తెలియదు గానీ, కొడుకు శ్రీనివాస జిగణి ఫ్యాక్టరీల దగ్గర మెస్ నడుపుతున్నాడని మాత్రం రాజేశ్‌కు తెలుసు.

మడివాళ

మాకు బస ఏర్పాటు చేసింది నా పాత విద్యార్థిని భార్గవి. మడివాళలో ఆడపిల్లల హాస్టల్లో ఉంటుంది, దాన్ని వీళ్ళు పీజీ అంటారు. ఒక్కో గదిలో ముగ్గురు, కిటికీకి ఆరేసిన బట్టలు ఆరువందలు. నాకు భార్గవి గదిలో ఒక మంచం, మామకు ఎదుటి లాడ్జిలో గది. మగవాళ్ళు గేటు దాటకూడదని బోర్డు ఉంది కాబట్టి, సాయంత్రం నేను సామాను సర్దుకుని వచ్చేదాకా మామను గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చోబెట్టాను. అదే నేను చేసిన తప్పు.

ఇరవై నిమిషాల తరువాత కిందికి వస్తే గేటు బయట గుంపు. ఏదో గొడవైందనుకున్నాను. తీరా చూస్తే, మామ వాచ్‌మన్ పట్టేసిన మెడను సరిచేశాడట. అది చూసి ఆఫీసుల నుంచి తిరిగొస్తున్న పిల్లలు ఒక్కొక్కరే ఆగారు. రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చునే మెడలు కదా. ఆడపిల్లల మీద చెయ్యి వేయడు కాబట్టి, తువ్వాలు మెలితిప్పి మెడ వెనక వేయించి, రెండు కొసలూ వాళ్ళ చేతికే ఇచ్చి, గడ్డం ఎత్తమని, భుజం దించమని వరసగా కసరత్తు చేయిస్తున్నాడు. రోడ్డు మీద పదిమంది ఇంజనీర్లు తువ్వాళ్ళతో. గదమాయించడానికి దిగిన పీజీ యజమానురాలు కూడా కాసేపటికి తన మణికట్టు చూపించింది. రుసుము కింద మూడు గుడ్డు పఫ్‌లు, ఒక బాదంపాలు ముట్టాయి.

ఒక పిల్ల, కడప అమ్మాయి, పఫ్ అందిస్తూ అడిగింది. "తాతా, నువ్వు లైఫ్‌లో ఎప్పుడూ ఓడిపోలేదా?"

ఆ ప్రశ్నకు మామ దగ్గర తయారుగా ఉండే జవాబు నంద్యాలలో అందరికీ తెలుసు, 'నా వీపుకు ఇంతవరకూ మట్టి అంటలేదు' అని, ఎవరూ తనను వెల్లకిలా పడేయలేదని దాని అర్థం. చెప్పేటప్పుడు ఛాతీ కూడా పొంగుతుంది. ఆ రోజు మాత్రం ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఇంకా తేలలేదమ్మా అన్నాడు.

జిగణి

మర్నాడు మధ్యాహ్నానికి జిగణి చేరాం. గ్రానైటు కోసే ఫ్యాక్టరీల నుంచి లేచే తెల్లటి దుమ్ము చెట్ల మీద, జనం మీద, టీ గ్లాసు మీద కూడా ఉంటుంది. శ్రీనివాస మెస్ అంటే రెండో మనిషే చూపించాడు. రేకుల పాక, బారు బల్లలు. ఒక బల్లకు ఒడిశా కుర్రాళ్ళు, ఇంకో బల్లకు మన శ్రీకాకుళం వాళ్ళు, మధ్యలో అన్ని భాషల్లోనూ పులుసు అడిగేవాళ్ళు. భోజనం డెబ్బై రూపాయలు. రాగిముద్ద, ఉప్పుసారు అనే పలచటి చారు, మజ్జిగ.

మన సంగటిలో బియ్యం నూకలు వేస్తాం, నోటికి పలుకు తగులుతుంది. ఇక్కడి ముద్దలో నూక ఉండదు, నున్నగా గుండ్రంగా ఉంటుంది. దాన్ని నమలకూడదు, తుంచి, సారులో ముంచి, గుటుక్కున మింగాలి. నేను నమిలాను. పళ్ళకు అంటుకుని, మాట్లాడలేక, కాసేపు మౌనవ్రతం పట్టాను. మామ మూడు గుటకల్లో సగం ముద్ద దించాడు.

శ్రీనివాసకు యాభై దాటి ఉంటాయి. వడ్డిస్తూ మా మాట విని, నంద్యాల వాళ్ళా అని అడిగాడు. తన తండ్రిని ఓడించిన వస్తాదు కూడా ఆ ఊరివాడేనట.

"ఆ పందెం అయినంక మా నాయన మళ్ళా దిగలేదప్పా. ముప్ఫై ఏండ్లు కూడా లేవంట అప్పటికి. ఎందుకు నాయనా అంటే సుమ్నె, ఊరికే నవ్వుతాడు. పేటలో గరిడీ చూసుకుంటా, విరిగిన కాళ్ళు చేతులు కట్టుకుంటా ఉండాడు."

విస్తట్లో మెతుకు వదలని మామ, సగం ముద్ద అలాగే వదిలి లేచాడు. ఉప్పు ఎక్కువైందా అని శ్రీనివాస కంగారు పడ్డాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆ నంద్యాల వస్తాదు ఈయనేనని చెప్పేశాను. శ్రీనివాస సారు గిన్నె కింద పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి, అందరి ముందూ మామ కాళ్ళకు మొక్కాడు. కొత్తవాణ్ణి గోదాలోకి దింపేటప్పుడల్లా తన తండ్రి చెప్పేది ఈ వస్తాదు సంగతేనట, ఓడిపోతే అట్లాంటి వాడి చేతిలో ఓడిపోవాలని.

తిట్టినా మామ అంత నలిగిపోయేవాడు కాదేమో. ఒక అబద్ధంతో తాను కొలువు, పెళ్ళి, పేరు సంపాదించుకుంటే అవతలి మనిషి ఆటే వదిలేశాడు. అది లెక్కలో లేదు మరి, మామ ఆ వీపు సంగతి చెప్పడానికే వచ్చాడు.

పేట

మర్నాడు శనివారం, తండ్రి పొద్దున్నే గరిడీలో ఉంటాడని శ్రీనివాస చెప్పినట్టే, తెల్లవారేసరికి పేటలో ఉన్నాం. బెంగళూరులో పాత బెంగళూరు ఇదే. ఆటో కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని పోవలసిన సందులు, మేడల మీద మరమగ్గాల చప్పుడు, అడుగడుగునా పూలబుట్టలు. మూర మల్లెలు ముప్ఫై అంది ఒకావిడ, అచ్చ తెలుగులో. కొలిచింది తన పొడుగుచేతి మూర గనక నాకు నాలుగు వేళ్ళు లాభం.

గరిడీ గుమ్మం నడుము ఎత్తు కూడా లేదు. ఎంతటివాడైనా వంగి లోపలికి రావాలని అలా కడతారు. లోపల నాలుగు మెట్ల లోతున గోదా, ఎర్రటి మట్టి, పసుపూ వేపా మజ్జిగా కలిసిన వాసన. ఆడవాళ్ళు అందులో దిగకూడదు, పై మెట్టు మీద కూర్చోవచ్చు. మా నంద్యాలలోనూ అంతే, ఈ ఒక్క విషయంలో రెండు రాష్ట్రాలకూ తగాదా లేదు. నేను పై మెట్టు మీద కూర్చున్నాను. కింద ఎనిమిది మంది బస్కీలు తీస్తున్నారు. ఎదుటి గోడకు ఆంజనేయుడు, ఆయన కింద దండ వేసిన ఒక మీసాల పెద్దాయన పటం. దిగే ప్రతి ఒక్కడూ ఇద్దరికీ మొక్కి దిగుతున్నాడు.

మూల పీట మీద బక్కపలచటి ముసలాయన ఒక ఆటో డ్రైవరు చీలమండకు కట్టు కడుతున్నాడు. చెవులు రెండూ నలిగిన పూరీల్లా ఉన్నాయి. మామ చెవులూ అంతే, మట్టిలో ఏళ్ళ తరబడి రాపిడి పడితే అలా అవుతాయి. ముసలాయన తలెత్తి ముందు మామ చెవులు చూశాడు, తరువాత ముఖం చూశాడు.

"నంద్యాల వస్తాదా. వచ్చినావా అప్పా" అన్నాడు, మొన్ననే వెళ్ళినవాణ్ణి అడిగినట్టు.

మామ నిలబడే మొదలుపెట్టబోయాడు. "ఆ పొద్దు" అని గొంతు పెంచాడో లేదో, మునియప్ప లేచి వచ్చి, చెయ్యి పట్టుకుని, నా పక్కన మెట్టు మీద కూర్చోబెట్టాడు. మామ చెప్పాలనుకున్నది అక్కడే చెప్పాడు. వీపు ఆనలేదని, అచ్చు చూశానని. నలభై నాలుగేళ్ళ మాట, నాలుగు ముక్కల్లో అయిపోయింది.

"తెలుసప్పా. ఆ సాయంత్రం నీళ్ళు పోసేకి కూచోబెట్టి మా అమ్మ చూసింది. ఇది పడిన వీపు కాదు కొడకా అనింది."

"మరి ఎందుకు నోరు తెరవలేదు?"

మునియప్ప గోడ మీది పటం వైపు గడ్డం చూపించాడు. "నీ చెయ్యి ఎత్తింది ఆయన. నా గురువు."

ఆయనే నిర్ణేతగా ఉండాలని రెండు ఊళ్ళవాళ్ళూ కోరారట. సొంత శిష్యుడి వైపు మొగ్గాడంటారని భయం. సరిగ్గా కనబడని చోట, అనుమానం వచ్చిన చోట, పరాయి ఊరివాడికే ఇచ్చేశాడు. గురువు తప్పు చేశాడని శిష్యుడు ఎలా అంటాడు. మళ్ళీ దిగితే మళ్ళీ ఆయనే నిర్ణేత. ఆ ఇరకాటంలో ఆయన్ని ఇంకోసారి పెట్టలేక మునియప్ప పందేలే మానేశాడు. ఇదంతా చీలమండకు కట్టు కట్టిన తీరులోనే, తొందర లేకుండా చెప్పాడు.

"నాకు చెప్పినావు, చాలు. వీళ్ళ ముందర అనొద్దప్పా. ఆ పటానికి మొక్కి దిగుతారు వీళ్ళు."

మామ ముఖం చూడలేకపోయాను. పదిమంది ముందు చెబుదామని అంతదూరం వచ్చాడు. ఆ పదిమందీ ఎదుటే ఉన్నారు, చెప్పకూడదు. క్షమించడమూ అయిపోయింది, ఎప్పుడో, మామ అడక్కుండానే. నాకు మునియప్ప మీద ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది, అంత మంచితనం ఎదుటివాడికి ఎంత బరువో ఆయనకు తెలియదా అని.

మామ చొక్కా విప్పి నా ఒళ్ళో పడేశాడు. మోకాళ్ళు మామా అన్నాను. వినలేదు. పటానికి మొక్కి, కుడికాలు ముందు పెట్టి, ఒక్కో మెట్టూ దిగి, ఒక పట్టు పడదాం రమ్మని మునియప్పను పిలిచాడు. బస్కీలు ఆగిపోయాయి. మునియప్ప నవ్వుతూనే దిగాడు. ముసలాళ్ళిద్దరూ వంగి గుప్పెడు మట్టి తీసుకుని ఒకరి వీపు మీద ఒకరు చరుచుకున్నారు. మెడల మీద చేతులు వేసుకున్నారు. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు, ఇద్దరికీ ఆయాసం. కుర్రవాళ్ళు ముసిముసిగా నవ్వుతున్నారు.

అప్పుడు మామ పట్టు వదిలేశాడు. ఒక మోకాలు వంచాడు, తరువాత రెండోది, నొప్పికి పళ్ళు బిగించాడు. చెయ్యి ఆనించి మెల్లగా వెనక్కి వాలాడు. ముందు ఎడమ భుజం, తరువాత కుడి భుజం. రెండూ ఆనాక, చేతులు బార్లా చాపి, పదిమంది ముందర వెల్లకిలా పడుకున్నాడు.

"ఏందప్పా ఇది" అన్నాడు మునియప్ప, గాల్లో చేతులు అలాగే ఉంచి.

"అనొద్దంటివి. అనలేదు."

కట్టు కట్టించుకున్న ఆటో డ్రైవరు పీట మీంచే అడిగాడు, మీరు చెప్పే నంద్యాల వస్తాదు ఈయనేనా అని. మునియప్ప పటం వైపు చూశాడు, కింద మామ వైపు చూశాడు. ఆయన కళ్ళు నిండిపోయాయి.

"ఈయనే. ఆ పొద్దు మా గురువు ఆయనకు ఇచ్చినాడు. ఈ పొద్దు ఆయన నాకు ఇచ్చినాడు" అన్నాడు.

మామ మాత్రం లేవలేదు. ఆచారం మరిచిపోయి రెండు మెట్లు దిగేశాను. "మోకాళ్ళు పట్టేసినాయా మామా, లేవలేకుండా ఉన్నావా?"

"లేస్తాలే పాపా, ఉండు" అన్నాడు కళ్ళు మూసుకునే. "ఇన్నేండ్లు ఈ మట్టిలోనే ఉంటి, ఒక్కసారి కూడా పండుకోలేదు. ఇంత సల్లగా ఉంటాదని నాకు తెలీదు."